మా యింటి చిన్నబండి



బొమ్మలకొలువు తీర్చు ఇల్లాండ్రకు చిన్నదానిలో పెద్దదానిని చూచుట క్రొత్తవిద్య కాదు. పీటమీద పెండ్లిపందిరిని, పళ్లెములో పోసిన యిసుకమీద పల్లెటూరిని ఏటేట నిలుపుచునే యున్నాము. అయినను కొలువులోని శెట్టిబొమ్మ ఏ యొక్క శెట్టికిని పోలిక కాదు. శెట్టి యను మాటకే అది బొమ్మ. ఒకానొక వస్తువునకు, ఇది అదియే గాని వేఱొకటి కాదనునట్లు ప్రతిరూపము చేయుట మఱియొక పని. అది యెంత కష్టమో, ఎంత యాదరణీయమో నిరుటి దసరాకు ముందు మాకు తెలిసివచ్చినది. మేము చేసినది దేవతాప్రతిమ కాదు. ఒక అంబాసిడరు కారు.

మా మామగారు లేపాక్షి హిందూపురముల నడుమ ముప్పదియేండ్లు అద్దెకారు నడిపినవారు. పెండ్లికొడుకులను, పురిటినొప్పుల తల్లులను, వేరుసెనగ మూటలను ఒక్కతీరున గమ్యము చేర్చిన బండి యది. మావారు ఉపాధ్యాయశిక్షణ పొందినది ఆ చక్రముల సంపాదనచేతనే. ఆ తరగతి కార్లు 1957 నుండి 2014 వఱకు కలకత్తా చేరువనున్న ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్సువారి కర్మాగారమున తయారైనవి. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు వానికి మాతృక. తయారీ నిలిచిన మూడేండ్లకు, 2017లో, ఆ పేరునుగూడ 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సుదేశపు ప్యూజో సంస్థ కొనుక్కొన్నది.

కాలక్రమమున మా బండికి విడిభాగములు దొరకుట దుర్లభమయ్యెను. మామగారి కంటిచూపు మందగించెను. నాలుగేండ్ల క్రిందట మావారు దానిని తుక్కు కొనువారికి ఇచ్చివేసిరి. “నీ యిష్టం రా” అని మామగారు ఒప్పుకొనిరి గాని, నాటినుండి కారుకొట్టమువైపు పోవుట మానిరి. తండ్రికొడుకుల నడుమ భోజనమునకు రమ్మనుట, మందు వేసికొంటివా యనుట తప్ప వేఱుమాట లేకపోయెను. ఎవరిది తప్పు? అమ్మకున్న బండి వానకు తుప్పుపట్టి పోవును. అమ్మినందున ముసలిమనసు తుప్పుపట్టినది. ఇట్టి లెక్కలు ఇండ్లలో తేలునవి కావు.

పెనుకొండ మండలపు ఎఱ్ఱమంచిలో కియావారి కర్మాగారమునుండి 2019 ఆగస్టు మొదలు క్రొత్తకార్లు వెలువడుచున్నవి. మా కుమారునికి ఆ కార్ల పేర్లన్నియు కంఠస్థము. తాతగారి బండినిమాత్రము వాడు ఫోటోలో తప్ప సరిగా ఎఱుగడు. “తాత కారు ఎట్లుండేదమ్మా?” అని వాడొకనాడడుగగా, మాటతో చెప్పుటకంటె చేసి చూపుట మేలని తోచెను.

హిందూపురపు బజారులో పసుపుపచ్చని అంబాసిడరు బొమ్మ యొకటి దొరకినది. ముందుగా కొలత చూచితిమి. బొమ్మ పొడవు 12 సెంటీమీటర్లు. అసలుకారు పొడవు సుమారు 4 మీటర్ల 32 సెంటీమీటర్లు. అనగా బొమ్మ ముప్పదియాఱవవంతు. ఈ యొక్క సంఖ్య చేత చిక్కినచో తక్కిన పని త్రైరాశికమే. అరమీటరు పొడవుగల నంబరుపలక 14 మిల్లీమీటర్లగును. దానిని పసుపుకాగితముమీద నల్లని అక్షరములతో, అద్దెబండ్ల వాడుక ననుసరించి, ‘ఏపీ 02’ అని మొదలుపెట్టి మావారు వ్రాసియిచ్చిరి. అనంతపురము జిల్లాబండ్లకు అదియే గుర్తు. 2019లో రాష్ట్రమంతటికి ‘ఏపీ 39’ వచ్చిన పిమ్మట ఆ పాతగుర్తు క్రొత్తబండ్లకు వేయుట లేదు.

పిమ్మట అడుగుననున్న మరలూడదీసి, పైతొడుగును, అద్దములను, చక్రములను వేఱుచేసితిమి. పైతొడుగును సబ్బునీట కడిగి, సన్నని ఉప్పుకాగితముతో మెల్లగా రుద్దితిమి. పసుపుమీద తెలుపు సూటిగా వేసినచో లోని పసుపు తొంగిచూచును. కావున ముందు బూడిదవన్నె పూత నొకటి వేసి, అది ఆరినపిమ్మట తెలుపును మూడుమాఱులు పలుచగా, పూతకు పూతకు ఒకనాటి యెడమిచ్చి వేసితిమి. చిక్కగా ఒక్కమాఱే వేసినచో తలుపుల గీతలు పూడిపోవును. బంపరులకు చాక్లెట్టుకాగితపు వెండిరేకును అంటించి గోటితో నునుపుచేసినచో సరిపోవును. రంగువాసన ఒంటికి మంచిది కాదు. పిల్లలను దూరముగానుంచి, గాలి యాడుచోట ఈ పని చేయవలెను.

ఇచ్చట ఒక విశేషము గమనించితిమి. కొలతప్రకారము అన్నియు తగ్గించినచో పోలిక వచ్చునని తలంచుట పొరపాటు. తలుపుసందు ముప్పదియాఱవవంతు చేసినచో కంటికే ఆనదు. దానిని సిరాగీతతో కొంచెము హెచ్చించి చూపవలెను. టైర్లకు కటికనలుపు పూసినచో బొమ్మటైర్లవలెనే యుండును. బూడిదవన్నె కలిపిన నలుపే నిజమనిపించును. మా యూరిముంగిట ఏకశిలలో చెక్కిన నందీశ్వరుడు 27 అడుగుల పొడవు, 15 అడుగుల యెత్తు గలవాడు. పదునాఱవశతాబ్దినాటి ఆ శిల్పి యెద్దును పెంచెను. మేము కారును తగ్గించితిమి. ఆయన మెడలోని గంటలను, హారములను విడువలేదు, మేనిమీది రోమములను లెక్కించి చెక్కబోలేదు. ఏది విడువవచ్చునో ఏది విడువరాదో తెలియుటయే పెంచువారికిని తగ్గించువారికిని అసలువిద్య.

విడువరాని దేది యన్నచోటనే మా యింట వాదము పుట్టినది. ఆ బండికి ఎడమప్రక్క ముందు మడ్గార్డుమీద జేనెడు సొట్ట యుండెడిది. మావారు పదునాఱేండ్ల ప్రాయమున తండ్రికి చెప్పక తాళపుచెవి తీసికొనిపోయి రాతికూసమునకు కొట్టిన సొట్ట యది. ఆ యేడు టింకరింగుకు దాచిన పైకము కాలేజీఫీజునకు పోయినది. పిమ్మట ఏ యేటికాయేడు వేఱొక ఖర్చు వచ్చినది. సొట్ట అట్లే నిలిచినది. “బొమ్మకైనను నున్నని ఒళ్లుండనీ, ఆ మచ్చ యెందులకు?” అని మావారనిరి. సొట్ట లేనిది బజారు కారే గాని మన కారు కాదని మేమంటిమి.

శాకుంతలము ఆఱవయంకమున దుష్యంతుడు తాను మఱచి పోగొట్టుకొన్న శకుంతలను చిత్రించి, ఇంకను మాలినీనది వ్రాయవలెను, చెవినుండి వ్రేలు శిరీషపుష్పము వ్రాయవలెను అని కొఱతలు లెక్కించుకొనును. పోయినదానిని రూపుకట్టువారికి అందముకంటె ఆనవాలు ముఖ్యమని ఆ ఘట్టమును మరల చదివినప్పుడు మాకు తోచినది. పైగా మామగారి కన్నులకిప్పుడు తెలుపునలుపులే గాని సూక్ష్మములు కానరావు. సొట్టను రంగుతో చూపిన ప్రయోజనము లేదు, వ్రేలికి తగులవలెను.

మావారు ఆ పూట మఱేమియు మాటాడలేదు. మఱునాడు బడినుండి వచ్చి, విఱిగిన పాతబొమ్మ నొకదానిని తెచ్చి, చెంచాకాడను దీపముమీద వెచ్చచేసి, దానిమీద నొక్కి నొక్కి అలవాటుచేసికొనిరి. పిమ్మట మా బండి యెడమప్రక్కను ఒక్కమాఱు నొక్కిరి. సెనగగింజంత పల్లము, ఉండవలసినచోటనే పడినది. దానిమీద పలుచగా రంగు సవరించితిమి.

సరస్వతీపూజనాడు మా కుమారుడు ఆ బండిని తాతగారి యరచేతిలో పెట్టెను. ఆయన దానిని కంటికి దగ్గఱగా తీసికొని, ఆనక, బొటనవ్రేలితో తడవసాగిరి. పైకప్పు, బానెట్టు, దీపములు తడవి, వ్రేలు ఎడమప్రక్కకు రాగానే అచ్చటనే నిలిపిరి. కొంతసేపు ఆ వ్రేలు అచ్చటనుండి కదలలేదు. మావారు గడపలోనే నిలిచి చూచుచుండిరి.

“క్యారియరేదిరా?” అని మామగారు కొడుకు నడిగిరి.

“చేయలేదు నాయనా. కడ్డీలెన్నో గుర్తు లేదు.”

“ఏడు. వెనకది కొంచెం వంకర. కూర్చో, చెప్తాను.”

ఆ సాయంకాలము రాగితీగను కత్తిరించుచు, వంచుచు ఇరువురు చాలసేపు కూర్చుండిరి. బండి యమ్మిన మాట వారిలో ఎవరును ఎత్తలేదు. పాతరోజుల కిరాయిల మాటలే చెప్పుకొనిరి. చిలమత్తూరు పెండ్లివారు డబ్బులెగవేసిన కథను మా కుమారుడు మూడుమాఱులు చెప్పించుకొనెను. మేము పొయ్యిముందునుండి వినుచుంటిమి.

సోదరీమణులకు మా మనవి యొక్కటే. తిరుగలి గాని, ఊయల గాని, కుట్టుమిషను గాని, పెద్దలచేతులలో అరిగిన వస్తువు ఏదేని ఇల్లు విడిచిపోవు దినము వచ్చినప్పుడు, దానిని పంపకముందే టేపు తీసికొని పొడవువెడల్పులు కొలిచి, రంగును, మరమ్మతులను, సొట్టలను సహితము ఒక కాగితముమీద వ్రాసియుంచుకొనుడు. నాలుగువైపుల ఫోటోలు తీయుడు. దానిని వాడినవారు ఉన్నప్పుడే అడుగుడు. క్యారియరు కడ్డీలు ఏడని మా యింట చెప్పగలిగినవారు ఒక్కరే యుండిరి.