ఫోటో తీస్తివి, పేరు రాసుకున్నవా?

మా దగ్గర నికాన్ 180 ఎంఎం ఎఫ్/2.8 ఈడీ లెన్సు ఒకటి ఉంది. 1980లలో వచ్చిన రకం. నలుగురం తలా కొంత వేసుకుని పాతదే కొన్నాం. అందులో మోటారు ఉండదు. ఫోకస్ కోసం ఎడమ చేత్తో రింగు తిప్పుకోవాలి. ఈ కాలపు మిర్రర్‌లెస్ కెమెరాకైనా అడాప్టర్ బిగిస్తే పనిచేస్తుంది. ఇంత మంచి గాజు కొత్తదాంట్లో కావాలంటే ఆ ధర మాకు అందదు.

గాజు గొప్పతనం నెమలి ఈకల టోపీ మీద ఎండ పడినప్పుడు తెలుస్తుంది. మామూలు లెన్సులో మెరిసే అంచుల వెంట ఊదా, ఆకుపచ్చ గీతలు కనబడతాయి. ఈడీ గాజు వాటిని బాగా తగ్గిస్తుంది. అయితే ఫోకస్ కష్టం. ఎపర్చర్ పూర్తిగా తెరిచి మూడు మీటర్ల నుంచి ముఖం తీస్తే, స్పష్టంగా వచ్చేది నాలుగైదు సెంటీమీటర్ల మందమే. కన్ను తేటగా ఉంటే చెవి మసకబారుతుంది.

గుస్సాడి ఆడే మనిషి వెంట రింగు తిప్పుతూ పోలేం. డోలు, పెప్రె వింటూ అడుగు ఎక్కడ పడబోతుందో అక్కడ ముందే ఫోకస్ పెట్టి ఆగుతాం. చిన్నప్పటి నుంచి దండారి చూసిన కళ్లు మనవి. ఈ పనిలో అదే మన బలం.

వానాకాలం మాత్రం లెన్సుకు గండం. తేమకు గాజు లోపల బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాస్తాం. ఎండ ఉన్న రోజు బయటికి తీస్తాం.

ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. టెలిఫోటో లెన్సుతో దూరంగా నిలబడి, అడగకుండానే ఎవరి ముఖమైనా తీయవచ్చు. జాతరల్లో మన అక్కచెల్లెళ్లను అలా తీసుకుపోయినవాళ్లను అందరం చూశాం. స్టీవ్ మెకరీ 1984లో పాకిస్తాన్‌లోని శరణార్థుల శిబిరంలో 105 ఎంఎం లెన్సుతో ఒక ఆఫ్ఘన్ బాలికను తీశాడు. 1985లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రంగా ఆ ఫోటో లోకమంతా తిరిగింది. ఆమె పేరు షర్బత్ గులా అని లోకానికి తెలిసింది 2002లో! మన గూడేల్లో ప్రొఫెసర్ హైమన్‌డార్ఫ్ కూడా 1940లలో ఫోటోలు తీశారు. ఆయన మార్లవాయిలో ఉండి, గోండి నేర్చుకుని, మన మధ్య తిరిగి తీశారు. దగ్గరితనం లెన్సుతో వచ్చేది కాదని ఆయన్ని చూసి కూడా నేర్చుకోవచ్చు.

ఒకసారి ఒక తాత మమ్మల్ని అడిగాడు: "ఫోటో అయితే తీస్తివి, నా పేరు రాసుకున్నవా బిడ్డా?"

అప్పటి నుంచి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. ముందు అడుగుతాం. వద్దంటే తీయం. తీసినవారి పేరు, ఇంటిపేరు, ఊరు, తేదీ రాస్తాం. కాపీ చేయించి వాళ్ల ఇంటికి చేరుస్తాం. కేస్లాపూర్‌లో కొత్త కోడళ్ల భేటింగ్ అప్పుడు పెద్దలు సరేనంటేనే కెమెరా సంచిలోంచి బయటికొస్తుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ చేతిలో ఉన్నది ఫోనే అయినా ఈ పద్ధతి పాటించవచ్చు. టీచర్లకు మా మనవి ఒకటి: బడిలో ఉన్న పాత ఫోటోలు పిల్లలకిచ్చి ఊరి ముసలివాళ్ల దగ్గరికి పంపండి. ఎవరెవరో గుర్తుపట్టి చెప్పగలవాళ్లు ఉండగానే ఆ పేర్లు వెనకవైపు రాయించండి.