తువ్వాలు కింద ఇంగ్లీషు

'ఫ్రెండ్స్' సీరియల్ చూసి ఇంగ్లీషు వచ్చేసిందని ధీమాగా ఉన్నవాళ్లను ఒకసారి 'ద వైర్' ముందు కూర్చోబెట్టాలి. 'ఫ్రెండ్స్'లో మాట అందకపోయినా ఫరవాలేదు, ఎక్కడ నవ్వాలో వెనకనించి వచ్చే నవ్వులే చెప్పేస్తాయి. అందులో జోయి అనే కుర్రాడు ఓరగా చూస్తూ 'హౌ యూ డూయిన్' అన్నప్పుడు అది కుశలప్రశ్న కాదని ఎవరికైనా తెలిసిపోతుంది. 'ద వైర్'కి అంత జాలి లేదు. బాల్టిమోర్ నగరంలో మత్తుమందు అమ్మే వీధి మూలలు, వాటి మీద కన్నేసిన పోలీసులు, ఇదీ కథ. 2002 నుంచి 2008 దాకా హెచ్‌బీఓలో 60 ఎపిసోడ్లు వచ్చింది. మొదట్లో అదంతా ఇంగ్లీషేనా అని అనుమానం వస్తుంది.

'రీ-అప్' అంటే అయిపోయిన సరుకు మళ్లీ తెచ్చుకోవడం. 'హాపర్' అంటే ఆ దందాలో అడుగున ఉండే కుర్రకుంక. 'బర్నర్' అంటే నాలుగు రోజులు వాడి పారేసే ఫోను. నిఘంటువు తీశారా, అది మిమ్మల్ని గ్యాసు పొయ్యి దగ్గరికి తీసుకెళ్తుంది. ఒక్కచోట మాత్రం మనకు లాభం. బాల్టిమోర్ డిటెక్టివులు ఒక్క మనిషిని కూడా 'పోలీస్' అనే అంటారు. బళ్లో 'పోలీస్‌మన్' అనాలని నేర్చుకున్నవాళ్లు అక్కడ తడబడాలి గానీ, 'పోలీసు వచ్చాడు' అనుకుంటూ పెరిగిన మనకేం ఇబ్బంది?

దీన్ని సృష్టించిన డేవిడ్ సైమన్ 'బాల్టిమోర్ సన్' పత్రికలో విలేఖరిగా పనిచేసినవాడు. తోడుగా రాసిన ఎడ్ బర్న్స్ ఆ ఊళ్లోనే డిటెక్టివ్‌గా చేసి, తరవాత బడిపంతులయ్యాడు. తాము విన్న మాటని విన్నట్టే పెట్టారు, పక్కన నిలబడి అర్థం చెప్పే పాత్రను పెట్టలేదు. అదే నాకు నచ్చింది. ఆ మాటలు పుట్టిందే బయటివాడికి తెలియకూడదని. పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడుతుంటే, పక్కన నిలబడ్డవాడికి ధర తెలియలేదంటే అది వాడి తెలివితక్కువతనం కాదు కదా!

అసలు ఆ కథలో పోలీసులదీ మన అవస్థే. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని దొంగచాటుగా ఫోన్లు వింటారు, సగం మాటలు బోధపడవు. వీధుల్లో కొరగాడని ఆఫీసులో కూలేసిన ప్రెజ్ అనే ఉద్యోగి ఒక్కడే పట్టేస్తాడు. పేజర్లలో వచ్చే అంకెల గుట్టు విప్పిందీ అతనే: ఫోను మీటల మీద 5కి ఆవలి పక్కన ఏ అంకె ఉందో అదే అసలు అంకె, 5కి బదులు సున్నా, సున్నాకి బదులు 5. ఇక ఆ గొణుగుడు నీకెలా వినబడిందయ్యా అంటే, చిన్నప్పుడు రోలింగ్ స్టోన్స్ వాళ్ల 'బ్రౌన్ షుగర్' పాటని స్పీకరుకి చెవి ఆనించి, మళ్లీ మళ్లీ వేసుకుని విన్నానంటాడు. ఇంతకన్నా మంచి పాఠం ఏ స్పోకెన్ ఇంగ్లీషు సంస్థా చెప్పదు.

తెర కింద అక్షరాలు పెట్టుకుని చూడటం నామోషీ ఏమీ కాదు, అమెరికాలో పుట్టినవాళ్లూ పెట్టుకుంటారు. కాకపోతే అక్షరాలు మాటని చూపిస్తాయి, భావాన్ని కాదు. ఎవరు, ఎవరితో, ఏ మొహం పెట్టి అన్నారో చూడాలి. మాట విన్నాక ఎవరు పరిగెత్తారో మరీ చూడాలి.

వీధి చివర కాపలా కాసే పిల్లలు 'ఫైవ్-ఓ' అని అరుస్తారు, క్షణంలో మూల ఖాళీ అవుతుంది. పోలీసులొస్తున్నారని అర్థమైపోతుంది, ఎందుకలా అంటారో మాత్రం కాదు. హవాయి అమెరికాకి 50వ రాష్ట్రం. ఆ 50ని పేరులో పెట్టుకుని 'హవాయి ఫైవ్-ఓ' అనే పోలీసు సీరియల్ 1968 నుంచి 1980 దాకా నడిచింది. టీవీలోంచి వీధిలోకి దిగిన మాట, వీధిలోంచి మళ్లీ టీవీ ఎక్కింది. ఆ సీరియల్ ఆగిపోయేనాటికి ఈ అరిచే పిల్లలు పుట్టనైనా లేదు.