స్వీడన్‌వాడు మనిషేనా?

ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక కొలీగ్ చెప్పిన జోక్ ఇది. "మీ దేశంలో ఎవరొచ్చారా అని పీప్‌హోల్‌లోంచి చూస్తారు. మేం బయటికి వెళ్ళేముందు చూస్తాం. మెట్ల మీద ఎవరూ లేరని తేలాకే తలుపు తీస్తాం." పగలబడి నవ్వాను. స్టాక్‌హోమ్ వచ్చి ఇప్పటికి ఆరేళ్ళు. పోయిన నవంబరులో ఒక పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే పై అంతస్తు నుంచి ఎవరో దిగుతున్న చప్పుడైంది. తాళంచెవి చేతిలో పట్టుకుని, ఆ అడుగులు కిందికి వెళ్ళిపోయేదాకా తలుపు వెనకే నిలబడ్డాను.

సెలవుల్లో ఖమ్మం వెళ్తే అందరూ అవే అడుగుతారు. వాళ్ళు ఎవరితోనూ మాట్లాడరటగా? ఇంటికొచ్చినవాళ్ళకి అన్నం పెట్టరటగా? ముసలివాళ్ళని వదిలేస్తారటగా? ఆత్మహత్యలు ఎక్కువటగా? మొదట్లో కథలు కథలుగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు కాస్త ఆగి చెప్పాల్సి వస్తోంది. ఎందుకంటే వీటిలో ఒకటి అబద్ధం. మిగతావి చాలావరకు నిజమే, కానీ మనం అనుకునే కారణాల వల్ల కాదు.

అబద్ధం ఆఖరిది. 1960లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ తన పార్టీ వాళ్ళతో మాట్లాడుతూ, పేరు చెప్పకుండానే, సోషలిజం బాట పట్టిన ఒక యూరప్ దేశంలో ఆత్మహత్యలూ తాగుడూ పెరిగిపోయాయన్నాడు. అది స్వీడనేనని అందరికీ అర్థమైంది. పదవి దిగాక ఇక్కడికి వచ్చినప్పుడు ఆ మాట వెనక్కి తీసుకున్నాడు గానీ, అప్పటికే అది ప్రపంచమంతా తిరిగొచ్చింది. బెర్గ్‌మన్ సినిమాలు చూసినవాళ్ళకి ఇంకో రుజువు కూడా అక్కర్లేకపోయింది. నిజానికి స్వీడన్ అంకెలు యూరప్ సగటుకి దగ్గర్లోనే ఉంటాయి.

మౌనం సంగతి వేరు. సూసన్ సొంటాగ్ ఇక్కడ సినిమా తీస్తూ కొన్నాళ్ళుండి, 1969లో స్వీడన్ గురించి ఒక పెద్ద వ్యాసం రాసింది. వీళ్ళ మౌనం ఆవిణ్ణి ఎంత విసిగించిందో అందులో తెలుస్తుంది. చదువుతుంటే మా బస్‌స్టాప్ కళ్ళముందు కనపడింది: మంచులో ఆరుగురు, మనిషికీ మనిషికీ మధ్య రెండు గజాలు, అందరి చూపూ బస్సు వచ్చే వైపే. కానీ ఆ ఆరుగురిలో ఇద్దరు మా ఆఫీసువాళ్ళే. మూడింటికి కాఫీ, దాల్చినచెక్క బన్నులతో ఫీకాకి కూర్చుంటే వాళ్ళని ఆపడం కష్టం. మాట్లాడ్డానికి ఒక వేళ, ఒక చోటు ఉంటే మాట్లాడతారు. అవి లేకుండా మాట్లాడించడం అంటే అవతలి మనిషి టైమ్‌ని అడక్కుండా తీసుకోవడం, వాళ్ళ లెక్కలో.

ఈ లెక్క నాకు భాషలోంచే ముందు కొంచెం అర్థమైంది. అరవైల దాకా స్వీడిష్‌లో ఎదుటి మనిషిని పిలవడమే పెద్ద తలనొప్పి. 'దు' అంటే నువ్వు. కొత్తవాళ్ళని అలా అనకూడదు. మన 'మీరు' లాంటి మాట ఒకటి ఉంది గానీ, అదీ చాలామందికి చిన్నచూపులాగే వినపడేది. అందుకని హోదా పేరుతో, ఎదుటివాడు అక్కడ లేనట్టు మాట్లాడేవాళ్ళు. "డాక్టరుగారు కాఫీ తీసుకుంటారా?" అని ఆ డాక్టరునే అడగడం. 1967లో బ్రూర్ రెక్సెడ్ అనే ఆయన ప్రభుత్వ వైద్యశాఖకి అధిపతిగా చేరుతూ, ఇక్కడ అందర్నీ 'దు' అనే పిలుస్తానని చెప్పేశాడు. మార్పు అప్పటికే మొదలైంది గానీ ఆయన పేరే నిలిచిపోయింది. కొన్నేళ్ళలో రాజకుటుంబం తప్ప దేశమంతా 'దు' అయిపోయింది.

తెలుగులో నువ్వు అంటే చనువన్నా ఉండాలి, చిన్నచూపన్నా ఉండాలి. ఈ 'దు'లో రెండూ లేవు. నువ్వూ నేనూ సమానం, అంతే. దగ్గరివాళ్ళమని కాదు. నాకిది తెలియడానికి చాలాకాలం పట్టింది. మేనేజర్ మొదటిరోజే పేరుపెట్టి పిలవమంటే స్నేహితులమైపోయాం అనుకున్నాను. చాలా శుక్రవారాలు ఇంటికి పిలుస్తాడేమోనని చూశాను.

ఇక అన్నం. స్నేహితుడి ఇంట్లో ఆడుకోవడానికి వెళ్ళిన పిల్లాణ్ణి గదిలోనే కూర్చోబెట్టి, ఆ ఇంటివాళ్ళు భోజనం చేసి వస్తారన్న సంగతి 2022లో ఇంటర్నెట్ మొత్తానికి తెలిసింది. ఖమ్మం నుంచి కూడా వాట్సాప్‌లో నాకు చేరింది. మా టీమ్‌లో యాభై దాటినాయన్ని అడిగాను. "నిజమే, నేనూ అలా కూర్చున్నాను, ఆకలిగా" అన్నాడు. ఇప్పుడు తగ్గిపోయిందట. మరి ఎందుకు అలా? "వాళ్ళింట్లో వాళ్ళమ్మ వండి ఉంచుతుంది కదా. మేం పెడితే ఆవిడ వంట పాడు చేసినట్టు. పైగా ఆవిడ మాకు బాకీ పడుతుంది."

బాకీ! ఆ మాట దగ్గర ఆగిపోయాను. స్వీడిష్‌లో దీనికి ఒకే పొడుగు పదం ఉంది, 'తక్‌సమ్‌హేత్స్‌కుల్డ్'. విడదీస్తే కృతజ్ఞతా ఋణం. మనమైతే "మీ ఋణం ఎప్పటికీ తీర్చుకోలేను" అని ప్రేమగా అంటాం. వీళ్ళకది భయం. చివర్లో ఉన్న 'స్కుల్డ్' అంటే అప్పు. తప్పు చేశానన్న భావానికీ అదే మాట.

హెన్రిక్ బెరిగ్రెన్, లార్ష్ ట్రెగోర్డ్ అనే ఇద్దరు చరిత్రకారులు 2006లో రాసిన ఒక పుస్తకం పేరే నేను పైన పెట్టుకున్న శీర్షిక. వాళ్ళ వాదన నాకు అర్థమైనంతలో ఇది: స్వీడిష్ ప్రభుత్వం మనిషిని కుటుంబం మీద, దానధర్మాల మీద ఆధారపడే అవసరం నుంచి తప్పించింది. 1971 నుంచి భార్యాభర్తల జీతాలకి విడివిడిగా పన్ను. చదువుకి లోన్ ఇచ్చేటప్పుడు అమ్మానాన్నల సంపాదన చూడరు. ముసలితనంలో సాయం బాధ్యత మునిసిపాలిటీది, పిల్లలది కాదు. ఎవరికీ ఎవరితో అవసరం లేకపోతేనే ప్రేమ నిజమైనదో కాదో తెలుస్తుందని వీళ్ళ నమ్మకం. చదివినప్పుడు తెలివైన వాదనే అనిపించింది. ఒప్పుకోబుద్ధి కాలేదు.

మా పై అంతస్తులో ఎనభై దాటిన ఆవిడ ఒక్కతే ఉంటుంది. అయిదేళ్ళలో మా మధ్య 'హేయ్' తప్ప ఇంకో మాట లేదు. ఉమ్మడి లాండ్రీ గదిలో నేను డ్రయ్యర్ ఫిల్టర్ శుభ్రం చేయలేదని ఒకసారి కాగితం రాసి అతికించింది, అంతే. ఈ చలికాలం లిఫ్ట్ పాడైన రోజు ఆవిడ సంచులు పైకి మోశాను. మర్నాడు పొద్దున మా తలుపు పిడికి ఒక సంచీ వేలాడుతోంది. అందులో లింగన్‌బెర్రీ జామ్ సీసా. నాకు చివుక్కుమంది. మా ఇంట్లో పక్కింటివాళ్ళ గిన్నె ఎప్పుడూ ఖాళీగా వెనక్కి పంపేవాళ్ళు కాదు. ఏదో ఒకటి వేసి పంపితే మళ్ళీ అటునుంచి ఏదో వస్తుంది, ఖాతా మూతపడదు. ఈవిడ ఒక్కరోజులో ఖాతా మూసేసింది.

ఆదివారం ఫోన్లో నాన్నకి ఇదంతా చెప్పాను. ఆవిడ చేతికి అలారం బటన్ ఉంటుందనీ, మునిసిపాలిటీవాళ్ళు వచ్చి అన్నం వేడిచేసి పెడతారనీ, స్నానం కూడా వాళ్ళే చేయిస్తారనీ.

"పిల్లలు లేరా?" అన్నాడు.

"ఉన్నాడొక కొడుకు. ఉప్సాలాలో. ఆదివారాలు వస్తాడు."

"ప్రతి ఆదివారమా?"

"ఆ."

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. "నయమే" అన్నాడు. తర్వాత వంటావిడ వచ్చిందని పెట్టేశాడు.

అమ్మ పోయి నాలుగేళ్ళు. అప్పట్నుంచీ నేను ఇంటికి వెళ్ళింది రెండుసార్లు. నాన్న మోకాలి ఆపరేషన్‌కి హాస్పిటల్లో రాత్రిళ్ళు పడుకుంది పిన్ని కొడుకు. నేను డబ్బు పంపాను. ఇప్పుడు వాడు విసుక్కున్నా నాన్న ఏమీ అనడు. "వాడికి ఋణపడి ఉన్నాం రా" అంటాడు. ఆర్టీసీలో డిపో మొత్తాన్ని అదిలించిన మనిషి. పై అంతస్తు ఆవిడ మాత్రం సూప్ చల్లారిందని వచ్చిన అమ్మాయిని తిట్టడం మెట్ల దాకా వినపడుతుంది. ఆవిడకి ఆ హక్కుంది. అమ్మానాన్నల్ని పిల్లలు చూడాలని మనం 2007లో చట్టం చేసుకోవాల్సి వచ్చింది. ఆప్యాయత మన సొంతమనుకునే మనం.

అలాగని వాళ్ళే నెగ్గారని కూడా అనలేను. ఆదివారాలు పదింటికి నాది లాండ్రీ టైమ్. బట్టలు పట్టుకుని దిగుతుంటే ఆవిడ కింద గేటు దగ్గరే ఉంటుంది, కోటు వేసుకుని, వాకర్ పట్టుకుని. కొడుకు వచ్చేది పదకొండుకి. ఎవరికీ బాకీ లేని మనిషి కూడా గంట ముందు నుంచే ఎదురుచూస్తుంది.

ఈమధ్య ఖమ్మం నుంచి ఎవరో మళ్ళీ అడిగారు, వాళ్ళు ముసలివాళ్ళని వదిలేస్తారటగా అని. నేనేం చెప్పలేదు. ఆరేళ్ళుగా 'వీళ్ళింతే' అని చెప్పుకుంటూ నేను వాడుకున్నది వాళ్ళ మౌనాన్నే. ఎవరి తలుపూ తట్టకపోవడానికి స్వీడన్ నాకు మంచి సాకు దొరికింది. ఆ సాకు ఖమ్మం దాకా ఎప్పుడు పాకిందో గమనించలేదు.

ఏప్రిల్‌కి టికెట్ కొన్నాను, మూడు వారాలకి. నాన్నకి చెప్తే "ఎండల్లో ఎందుకురా" అన్నాడు, వెంటనే ఏ తారీఖు అని అడిగాడు. జామ్ సీసా కడిగి అలమరలో పెట్టాను. అందులో ఏదో ఒకటి వేసి పైకి తీసుకెళ్ళి ఇవ్వాలి. తలుపు పిడికి తగిలించి రాకుండా, బెల్ కొట్టి.