మురుగు నుంచి మంచినీరు: ఒక వైద్యుని అనుభవం

నేను ప్రభుత్వ సర్వీసులో చేరిన తొలినాళ్లలో, ఒక వేసవిలో ఒకే వీధికి చెందిన కామెర్ల రోగులు మా వార్డుకు వరుసగా వచ్చారు. వారిలో ఎనిమిది నెలల గర్భిణి ఒకామె ఉంది. మూడో రోజున ఆమె స్పృహ కోల్పోయింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. మురుగుకాలువలో నుంచి పోయే మంచినీటి గొట్టం పగిలిందని తరువాత తెలిసింది. హెపటైటిస్‌–ఇ వైరస్ సోకితే నిండు గర్భిణులలో నూటికి 20 నుంచి 25 మంది వరకు మరణించే ప్రమాదముందని నేడు మనకు తెలుసు. ఆనాడు దానిని నిర్ధారించే పరీక్షే లేదు.

అందువల్ల మురుగునీటిని శుద్ధి చేసి తిరిగి వాడవచ్చునన్న మాట మొదట విన్నప్పుడు నా మనసు అంగీకరించలేదు. కానీ ఆ తల్లి తాగినదీ మురుగునీరే కదా! అది శుద్ధి కాలేదు, ఆ సంగతి ఆమెకు తెలియదు.

మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. కలరా క్రిమి పొడవు ఒకటి నుంచి మూడు మైక్రాన్లు; హెపటైటిస్‌–ఇ వైరస్ పరిమాణం సుమారు 0.03 మైక్రాన్. అల్ట్రాఫిల్ట్రేషన్ పొరలోని రంధ్రాలు సుమారు 0.01 మైక్రాన్ మాత్రమే. క్రిములు, అధికభాగం వైరస్‌లు అక్కడే ఆగిపోతాయి. నీటిలో కరిగిన లవణాలను ఆ తరువాతి రివర్స్ ఆస్మాసిస్ పొర ఆపుతుంది. చివరగా అతినీలలోహిత కిరణాలు మిగిలిన క్రిములను నిర్వీర్యం చేస్తాయి. సింగపూర్ 2003 నుంచి ఈ విధానాన్నే అనుసరిస్తోంది. నమీబియా రాజధాని విండ్‌హోక్ 1968లోనే శుద్ధి చేసిన మురుగునీటిని తాగునీటిలో కలపడం ప్రారంభించింది.

మన విశాఖ చెంత జీవనది లేదు. ఏలేరు నీరు 150 కిలోమీటర్లకు పైగా కాలువలో ప్రయాణించి ఉక్కు కర్మాగారానికీ, నగరానికీ చేరుతోంది. తెలుగు గంగ ద్వారా మన కృష్ణా జలాలు అందుకునే చెన్నై, 2019లో కోయంబేడులో రోజుకు 4.5 కోట్ల లీటర్ల మురుగునీటిని పొరలతో శుద్ధి చేసి పరిశ్రమలకు ఇచ్చే కేంద్రాన్ని ప్రారంభించింది. ఇక్కడా పరిశ్రమల యంత్రాలను చల్లబరచడానికీ, రేవులో బొగ్గు ధూళిని అణచడానికీ అటువంటి నీరు చాలు. అంతమేరకు మంచినీరు ప్రజలకు మిగులుతుంది.

అయితే ఒక హెచ్చరిక. పొర చిరిగితే కంటికి కనబడదు. అందుకే దానికి ప్రతిదినం పీడన పరీక్ష, నీటికి తరచూ ప్రయోగశాల పరీక్ష తప్పనిసరి. ఎంత శుద్ధి చేసినా, ఆ నీరు మళ్లీ మురుగుకాలువలోని పగిలిన గొట్టం గుండానే ఇంటికి వస్తే ప్రయోజనం శూన్యం. ముందుగా ఆ గొట్టాలను మార్చాలి.

అంతవరకు, మీ వీధిలో కామెర్లు కనబడితే అందరూ నీటిని మరిగించి చల్లార్చి తాగండి. ఇంట్లో గర్భిణి ఉంటే కళ్లు పచ్చబడిన రోజునే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆలస్యం చేయకండి.