పూతరేకు, వాడుక, ప్రకటన: ఆత్రేయపురంలో ఒక పరిశీలన

ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, గౌతమి, వశిష్ఠ పాయల నడుమ ఉన్న ఆత్రేయపురాన్ని తెలుగువారు పూతరేకుతోనే గుర్తుపడతారు. ఒక సరుకు పేరును అది పుట్టిన ప్రాంతానికీ, అక్కడి తయారీ పద్ధతికీ చట్టరీత్యా ముడివేసే నమోదును భౌగోళిక గుర్తింపు అంటారు. ఆత్రేయపురం పూతరేకుకు ఆ గుర్తింపు 2023లో వచ్చింది. అప్పటికే ఊరి పేరు దుకాణాల బోర్డుల మీదా, రంగురంగుల అట్టపెట్టెల మీదా, ఫోన్ తెరల మీదా కనిపిస్తున్నది. చిన్న వ్యాపారి తన సరుకును నలుగురికీ తెలియజేసుకునే ఈ ప్రయత్నాన్నే నేడు మార్కెటింగ్ అంటున్నారు. అది కొనేవారితో ఉన్న సంబంధాన్ని పెంచుతున్నదా, తెంచుతున్నదా అన్నది తేల్చడానికి బోర్డుల దగ్గర కాక పొయ్యి దగ్గర నిలబడవలసి ఉంటుంది.

ఒక ఇంటి వెనుక వసారాలో బోర్లించిన కుండ ముందు కూర్చున్న నడివయసు మహిళ చేతులను చూస్తే ఈ పని స్వభావం తెలుస్తుంది. కుండకు పక్కన ఉన్న మూతిలోంచి ఎండు కొబ్బరాకు మంట లోపలికి పోతుంటుంది. నానబెట్టి మెత్తగా రుబ్బి, నీళ్ల వలె పలుచన చేసిన బియ్యపు పిండిలో ఆమె ఒక గుడ్డను ముంచి, రెండు చేతులతో చాపి పట్టుకొని, కాగిన కుండ వీపు మీద పరిచి లాగివేస్తుంది. గుడ్డ దాటిన మరుక్షణంలో పిండి పొరగా ఆరిపోతుంది, అంచు లేవగానే ఆమె వేళ్లు దాన్ని చిరగకుండా ఎత్తి పక్కన పేర్చుతాయి. పూతగా వేస్తే వచ్చే రేకు కనుక పూతరేకు అయింది. మంట కాస్త ఎక్కువైతే రేకు మాడుతుంది, తగ్గితే కుండను వదలదు, పిండి చిక్కబడితే నోట్లో కరగవలసినది అప్పడంలా నలుగుతుంది. ఈ మూడింటినీ చూపుతో, చేతి స్పర్శతో ఆమె సరిచూసుకుంటూ ఉంటే, అంతటి నేర్పుకు అట్టపెట్టె మీద ఒక్క మాటైనా చోటు లేకపోవడం చూసేవారికి కష్టంగానే తోస్తుంది.

అయితే ఆమె ఫిర్యాదు పేరు గురించి కాదు, పండగ గురించి. సంక్రాంతికి ముందు దుకాణాలవారు ఎన్ని రేకులు వస్తాయో అడగకుండానే ఆర్డర్లు ఒప్పుకొని, ఆ తరువాత రేకుల కోసం ఇంటింటికీ తిరుగుతారని, తొందరలో తీసిన మందపు రేకు, అంచు చిరిగిన రేకు కూడా అప్పుడు పెట్టెల్లోకి వెళ్లిపోతాయని, తిన్నవారు మాత్రం ఆత్రేయపురం రేకు పాడైపోయిందని ఊరినే అంటారని ఆమె బాధ. ఎక్కువ కూలి కావాలని ఆమె అడగకపోలేదు గాని, ముందుగా మందపు రేకు మాటే ఎత్తింది.

మందపు రేకు వల్ల చెడేది ఏమిటో చెప్పడానికి గోదావరి జిల్లాల వ్యవహారంలో పాత పదమొకటి ఉన్నది: వాడుక. పాలు, కూరలు, నెయ్యి, మిఠాయి ఏవైనా ఒక ఇంటివారు ఒకరి దగ్గరే ఏళ్ల తరబడి కొనడం వాడుక. తూకం అయ్యాక అమ్మేవారు పైన వేసే కొంచెం కొసరు. కొసరు నేటి రాయితీ వంటిది కాదు, ఎందుకంటే రాయితీ ఇంకా రాని మనిషిని రప్పించడానికి ప్రకటిస్తారు, కొసరును మాత్రం వచ్చిన మనిషికి చేతిలో పెడతారు. మొదటి కొనుగోలుకు సగం ధర అని బయట రాసి, పాతికేళ్లుగా కొంటున్న ఇంటికి పూర్తి ధర వేసే దుకాణం తన వాడుకను తానే అవమానించుకుంటున్నది. ఈ ఒక్క పొరపాటు వల్ల పోయినవారు తిరిగి వచ్చి కారణం చెప్పరు కనుక దుకాణదారుకు నష్టం లెక్కకు అందదు.

అందుకే పండగ అమ్మకాల ప్రణాళిక అన్నది ఇక్కడ కుండల లెక్కతో మొదలుకావాలి. ఎన్ని కుండలు వెలుగుతాయి, ఒక్కొక్క చేతి మీద రోజుకు ఎన్ని మంచి రేకులు దిగుతాయి, అందులో ఏటా వచ్చే వాడుకవారికి ఎన్ని కేటాయించాలి అన్నవి తేలిన తరువాత మిగిలినదానికే ప్రకటన వేయాలి. ఈ లెక్క అన్ని మిఠాయిలకూ ఒకటి కాదు: గోదావరి జిల్లాల్లోనే ఉన్న తాపేశ్వరంలో 2016లో 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్ రికార్డు సాధించారు. లడ్డూ ఒకేసారి పెద్దగా చేసే ఆ పద్ధతికి లొంగుతుంది, ఆ ఊరి పేరు దానివల్ల దేశమంతా వినిపించింది కూడా. పూతరేకుకు అది కుదరదు, ఎంత పెద్ద ఆర్డరైనా ఒక్కొక్క రేకుగానే దిగాలి. నిల్వ సంగతీ అలాంటిదే: ఉత్త రేకు పొడిగా ఉంచితే చాలాకాలం ఉంటుంది, నెయ్యి పూసి పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడిచిన తరువాత దాని ఆయువు తగ్గిపోతుంది. విడిగా అమ్మే మిఠాయిలకు కూడా ఏ తేదీలోగా తినాలో కనబడేలా పెట్టాలని దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 అక్టోబరు 1 నుంచి నిర్బంధం చేసింది. ఆ తేదీని కొందరు భారంగా తలుస్తారు గాని, రేకు ఎప్పుడు తీశారు, ఎప్పుడు మడిచారు అని పెట్టె మీద నిజాయితీగా రాయడం కంటే మంచి ప్రకటన ఈ సరుకుకు లేదు.

భౌగోళిక గుర్తింపు ఈ బాధ్యతను మరింత పెంచింది. 1999 నాటి చట్టం ప్రకారం ఆ పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదు; తయారీదారుల సమష్టి సంస్థ పేరున నమోదై, అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదైన తయారీదారుల వాడకానికి ఉంటుంది, పదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి, తప్పుడు వాడకానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉన్నది. ఇక్కడ ఆ సంస్థ తయారీదారుల సంఘమే. చట్టం బయటివారి దొంగపేరును ఆపగలదు గాని, ఊరిలోనే నాసిరకం నెయ్యి వాడినవారి వల్ల ఊరందరి వాడుకా చెడితే ఏమీ చేయలేదు. ఆ కాపలా సంఘమే కాయాలి, బోర్డుల ఖర్చులో కొంత రేకుల తనిఖీకి మళ్లించాలి.

మరొక అలవాటు విసుగు పుట్టిస్తుంది. పార్సిల్ పంపడానికి ఇచ్చిన ఫోన్ నంబరుకు ఏడాది పొడవునా వాట్సాప్‌లో పండగ ప్రకటనలు వస్తూ ఉంటాయి. కూతురి సారెకు పూతరేకులు కొన్న ఇంటికి మరుసటి ఏడు సంక్రాంతికి నెలరోజుల ముందు, ఈసారి ఎన్ని కావాలి, ఏ రోజుకు కావాలి అని ఒక్కసారి అడగడం వాడుకను గౌరవించడం. అదే నంబరుకు వారం వారం బొమ్మలు పంపడం ఆ ఇంటి తలుపు అదేపనిగా తట్టడమే. ఏడాదికి ఒక్క పలకరింపుకు మించి పంపకూడదని దుకాణదారులు తమకు తామే నియమం పెట్టుకోవాలి.

కొనేవారికీ ఇందులో వంతు ఉన్నది. భోగి ముందురోజు ఫోన్ చేసి వెంటనే కావాలని పట్టుబట్టే ప్రతి ఆర్డరూ ఆ వసారాలో ఒక మందపు రేకుగా మారుతుంది. పండగకు పూతరేకులు కావలసినవారు నెల ముందే చెప్పాలి, రేకు ఎవరి చేతి మీద దిగిందో దుకాణంలో అడగాలి.