కరవు సీమకు తగిన గిటారు



కళ్యాణదుర్గము వైపున్న మా గ్రామ సంఘములో చాలా కాలము హార్మోనియము, తబలా, తాళాలు మాత్రమే ఉండేవి. 2018లో యౌవనస్థులు గిటారు కావాలన్నారు. చెనక్కాయ పెరికే కూలిలోనుండి తలా కొంత తీసి 4,500 రూపాయలు పోగుచేసి నా చేతికిచ్చారు. వెళ్ళి కొన్నది నేనే. తళతళలాడే నల్లరంగు, తలమీద బంగారు అక్షరాలు, ఏదో పెద్ద అమెరికా కంపెనీని పోలిన పేరు చూచి, ఇదే మంచిదనుకున్నాను.

మరుసటి మే నెలలో ఒక ఆదివారము ఉదయము సంచి విప్పితే బ్రిడ్జి ఊడివచ్చి తీగలకు వేలాడుతున్నది. మెడ విల్లులా వంగింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ కష్టమైనది. అప్పటికి నాలుగు పాటలు నేర్చుకున్న పిల్లవాడు మళ్ళీ తాళాలు పట్టుకొని వెనుక కూర్చున్నాడు.

ఐదేండ్ల తరువాత, 2023 జూన్‌లో, వారే మళ్ళీ 6,000 రూపాయలు చేర్చారు. "ఈసారి తెలిసినోళ్ళను అడిగి కొందాము అయ్యగారూ" అన్నారు. ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని, ఆ పాడైన గిటారును కూడా సంచిలో వేసుకొని, అనంతపురములో తెల్లవారుజామున బెంగుళూరు బస్సెక్కాను.

ఈ దారి మా జిల్లావాసులకు కొత్త కాదు. రాప్తాడు దాటితే ఎర్రనేలలు, రాళ్ళగుట్టలు, ముంగారు వానకోసము దున్ని పెట్టుకున్న చేలు. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతములోనే వాన పడే నేల ఇది. చెన్నేకొత్తపల్లి తరువాత పెనుకొండ కోట కనబడుతుంది. 1565 యుద్ధము తరువాత విజయనగర రాజులు తలదాచుకున్న రాజధాని అదే. 2022 ఏప్రిల్ నుండి ఈ ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. అక్కడికి దగ్గరలోని ఎర్రమంచి వద్ద కొరియావారి కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2019లో అక్కడ కార్ల తయారీ మొదలైనది. కొరియావారు ఒకప్పుడు గిటార్లు కూడా విస్తారంగా చేసేవారు. ఆ పని తరువాత చాలావరకు చైనాకు, ఇండోనేషియాకు తరలిపోయింది. సోమందేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లి చేరేసరికి బస్సులో సగముమంది కూలికో చదువుకో పోయే మనవాళ్ళే.

బెంగుళూరులో మేము వెదకి పట్టుకున్న మరమ్మతు మేస్త్రి కూడా మనవాడే. మడకశిర వైపు నుండి ముప్పై యేండ్ల క్రిందట కరవుకు తాళలేక వచ్చి, మొదట బీరువాలు, మంచాలు చేసి, తరువాత వీణలు, గిటార్లు బాగుచేయుట నేర్చుకున్నాడు. మా పాత గిటారును చూచి నవ్వలేదు. టార్చిలైటు తెచ్చి లోపలికి చూపించాడు.

"అయ్యా, పేరు చదివి కొనేది కాదు ఇది. మీ ఊర్లో ఆడోళ్ళు కుండ ఎట్ల కొంటారు? తట్టి చూడరా?" అన్నాడు. ఆ పూట అతడు మాకు నేర్పినది మన కుటుంబాలకు పనికివస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట, పైపలకలోని గుండ్రని రంధ్రము అంచు చూడాలి. పైన కనబడే చెక్క చార అంచులోపలికి కూడా అలాగే సాగితే అది ఒకే చెక్క. అంచున పొరలు పొరలుగా కనబడితే ప్లైవుడ్. మా గిటారులో మూడు పొరలు కనబడ్డాయి. అందులో తప్పేమీ లేదన్నాడు. ఆ సంగతి ముందు చెబుతాను.

రెండవది మెడ. గిటారు ఆరు తీగలు కలిసి సుమారు 70 కిలోల బలముతో లాగుతాయి. అంటే ఒక పెద్ద మనిషి రేయింబవళ్ళు ఆ మెడకు వేలాడినట్టు. అందుకే మంచి గిటారు మెడలో ఇనుప కడ్డీ ఉంటుంది. దానిని సరిచేసే మర తల దగ్గరనో, రంధ్రము లోపలనో కనబడుతుంది. మాదానిలో అది లేదు. చెక్క కూడా సరిగా ఆరనిది. మెడను తుపాకి గురిచూచినట్టు ఒక కంటితో చూస్తే వంపు తెలిసిపోతుంది.

మూడవది తీగల ఎత్తు. పన్నెండవ ఫ్రెట్టు దగ్గర తీగకు క్రింద రెండు రూపాయి బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత, అంటే 3 మిల్లీమీటర్లకు మించి సందు ఉంటే నేర్చుకునే పిల్లల వేళ్ళు పుండ్లవుతాయి. తీగకు సగభాగము వచ్చేది కూడా ఆ ఫ్రెట్టు మీదనే. అక్కడ వేలు ఆనీ ఆననట్టు పెట్టి మీటినప్పుడు, గట్టిగా నొక్కి మీటినప్పుడు ఒకే స్వరము రావాలి. లేకపోతే ఎంత శ్రుతిచేసినా అపశ్రుతి తప్పదు.

నాలుగవది, వీణకు బిరడల వంటి కీలు. తిప్పితే వదులుగా జారకూడదు. బ్రిడ్జి క్రింద కాగితము దూరకూడదు. దూరితే జిగురు వదులుతున్నట్టే.

ఇక ఎక్కడ తయారైనదన్న ప్రశ్న. బొబ్బిలి వీణ అంటే ఆ ఊరిలో ఒకే పనస దుంగను తొలిచి చేసినదని మనకు తెలుసు. గిటారు తలమీది పేరు అలా ఊరిని చెప్పదు. గిబ్సన్ 1902లో అమెరికాలో పుట్టిన కంపెనీ. గివ్‌సన్ మన కోల్‌కతాది. అక్షరము తేడా అంతే గాని రెండింటికి సంబంధము లేదు. మన దేశములో ఎందరో మొదట వేళ్ళు పెట్టి నేర్చుకున్నది ఆ గివ్‌సన్ మీదనే. అలాగే హాఫ్నర్ 1887 నాటి జర్మనీ కంపెనీ, హాబ్నర్ మన దేశపుది. పేరు పోలినంత మాత్రాన మంచిదీ కాదు, చెడ్డదీ కాదు.

ఇప్పుడు దుకాణాలలో కనబడే కొత్త కొత్త పేర్లు అనేకము చైనాలో తయారైనవి. ఒకే ఫ్యాక్టరీ పదిమంది వ్యాపారులకు పది పేర్లు అంటించి ఇస్తుంది. అక్కడ గ్విజౌ రాష్ట్రములో జెంగాన్ అనే పేద కొండప్రాంతమున్నది. ఆ ఊళ్ళ యువకులు 1980ల చివరినుండి దూరపు గ్వాంగ్‌డాంగ్‌కు కూలికి పోయి, కొందరు గిటారు ఫ్యాక్టరీలలో పని నేర్చుకున్నారు. 2013 నుండి తిరిగివచ్చి స్వంత ప్రాంతములోనే ఫ్యాక్టరీలు పెట్టారు. ఇది విని మా పిల్లలిద్దరూ ఒకరి ముఖము ఒకరు చూసుకున్నారు. ఇంకొక సంగతి: 1833లో అమెరికాలో మొదలైన మార్టిన్ కంపెనీ 1969 ప్రాంతము నుండి తన గిటార్ల పక్కలకు మన దక్షిణ భారతదేశపు జిట్రేగి చెక్కను వాడుతూ వచ్చింది. మన అడవి చెట్టు అక్కడికి పోతున్నది, మనము ఇక్కడ ప్లైవుడ్ కొంటున్నాము.

అయితే ఆ ప్లైవుడ్డే మనకు మంచిదన్నాడు మేస్త్రి. గాలిలో తేమ 45 నుండి 55 శాతము మధ్య ఉంటే గిటారు సుఖముగా ఉంటుంది. తేమగల ఊరిలో చేసినదానిని మన వేసవిలోకి తెస్తే చెక్క అడ్డముగా కుదించుకొని పైపలక చీలుతుంది, ఫ్రెట్ల చివరలు ముళ్ళలా బయటికి వస్తాయి. ఒకే చెక్క పలక నాదము మధురమే గాని ఎండకు ముందు చీలేది అదే. ప్లైవుడ్‌లో పొరల చార ఒకదానికొకటి అడ్డముగా ఉంటుంది గనుక అంత త్వరగా చీలదు.

"మరి మాది ఎందుకు పాడైంది?" అని అడిగాను.

"ఎక్కడ పెట్టినారయ్యా?"

"గుడిలో, రేకుల క్రింద, మేకుకు తగిలించి."

"ఆ వేడికి జిగురు కరగక ఏమి చేస్తాది? మెడ దాని తప్పు, బ్రిడ్జి మీ తప్పు" అన్నాడు.

చివరకు అతడు చూపిన దుకాణములో, మేము ఎన్నడూ వినని పేరుగల ఒక లేతరంగు గిటారు 5,200 రూపాయలకు తీసుకున్నాము. మెడలో కడ్డీ ఉంది, అంచున మూడు పొరలున్నాయి, తీగల ఎత్తు సరిపోయింది. మిగిలిన డబ్బులో అదనపు తీగలు, మందమైన సంచి వచ్చాయి. పాతదాని బ్రిడ్జి మేస్త్రి అతికించి ఇచ్చాడు. మెడ వంపు మాత్రము పోదన్నాడు. అది చిన్నపిల్లలు చేతిపట్టు నేర్చుకోవడానికి ఉంచాము.

ఇప్పుడు గిటారు మట్టిగోడల ఇంటిలో ఉంటున్నది. రంధ్రాలు పొడిచిన సబ్బుపెట్టెలో తడి స్పాంజి ముక్క పెట్టి సంచిలో ఉంచుతున్నారు. 2024, 2025 వేసవులు దాటినా బ్రిడ్జి కదలలేదు.

తిరిగివచ్చిన ఆదివారము సంఘము ముందు నిలబడి, మొదటి 4,500 రూపాయలు నా తెలివితక్కువ వలన పోయాయని ఒప్పుకున్నాను. మేస్త్రి కుండ మాట కూడా చెప్పాను. ముందు వరుసలోని ఒక అవ్వ కొత్త గిటారు దగ్గరికి వచ్చి, వేలి కణుపుతో పలకను రెండుసార్లు తట్టి, చెవి పెట్టి విన్నది.

"ఆ పొద్దే నన్ను పిల్చింటే తట్టి చెప్పేదాన్ని గదా అయ్యగారూ" అన్నది.