ముందు చుక్కలు

పోయిన నెల మన గ్రూపులో ఒక చెల్లెలు అడిగింది, "అక్కా, చలికాలం వచ్చేసింది, నాలుగేళ్ళ పిల్లని ఇంట్లో పెట్టుకుని ఏం చెయ్యను? ఫోన్ ఇవ్వకపోతే గంట గడవట్లేదు" అని. వాయిస్ మెసేజ్ పెడదామని మొదలుపెడితే ఏడు నిమిషాలైనా అవలేదు. ఇలాక్కాదని రాయడానికి కూర్చున్నా. కొంచెం మా కథ, కొంచెం మేము ఆడిన ఆటలు. రెండూ విడదీసి చెప్పడం నాకు రాలేదు.

మేము వాల్డార్ఫ్ వచ్చి ఆరేళ్ళు. హైడెల్‌బర్గ్ పక్కన చిన్న ఊరు. మా వారు ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో. ఊరి పేరు చెప్పగానే మా తమ్ముడు "వాల్డార్ఫ్ స్కూల్ అంటారే, అదేనా?" అన్నాడు. ఆ మొదటి బడి ఇక్కడ కాదు, 1919లో స్టుట్‌గార్ట్‌లో పెట్టారు, ఒక సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం. ఆ ఫ్యాక్టరీ పేరు వాల్డార్ఫ్ ఆస్టోరియా. ఆ పేరేమో 1763లో ఈ ఊళ్ళో పుట్టి, అమెరికా వెళ్ళి గొప్ప ధనవంతుడైన ఆస్టర్ అనే ఆయన వల్ల వచ్చింది. అంటే ఊరు పేరు అమెరికా చుట్టి వచ్చి బడికి చేరిందన్నమాట. ఊళ్ళోంచి వెళ్ళినవాళ్ళ పేరుతో ఊరు వెలగడం మన తెనాలివాళ్ళకి కొత్తేం కాదు కదా!

మేము దిగింది అక్టోబర్ చివర్లో. పాపకి నాలుగేళ్ళు. డిసెంబర్ వచ్చేసరికి ఇక్కడ ఎనిమిది దాటితేగానీ తెల్లారదు, నాలుగున్నరకల్లా మళ్ళీ చీకటి. నేను నర్సుని, గుంటూరులో పిల్లల వార్డులో చేశాను. ఇక్కడ నా చదువుకి గుర్తింపు రావాలంటే జర్మన్ బి2 పాసవ్వాలి. పొద్దున పాపని కిండర్‌గార్టెన్‌లో దింపి భాష క్లాసుకి వెళ్ళేదాన్ని. మధ్యాహ్నం తెచ్చుకుని తలుపేసుకుంటే మళ్ళీ మర్నాడే తియ్యడం. అత్తయ్యగారు రోజూ వీడియో కాల్‌లో "మంకీ క్యాప్ పెట్టావా? చెవుల్లో దూది పెట్టావా? బయటికి తీసుకెళ్ళకే, జలుబు చేస్తుంది" అనేవారు. నాకూ అదే భయం. వార్డులో పదేళ్ళు చేసినదాన్నే అయినా సొంత పిల్ల దగ్గర ఆ చదువంతా ఏమైపోతుందో!

డిసెంబర్ మొదట్లో టీచరమ్మ నన్ను ఆపి నెమ్మదిగా చెప్పింది. పాప ఇంతవరకూ అక్కడ ఒక్క మాట మాట్లాడలేదట. దాహమైనా, బాత్రూం వచ్చినా చెయ్యి పట్టుకుని చూపిస్తుందట. తెనాలిలో వీధంతా వినపడేలా వాగిన పిల్ల! ఆ సాయంత్రం తెలిసినావిడ ఒకరు, "ఇంట్లో తెలుగు మానెయ్యండి, జర్మనే మాట్లాడండి, అప్పుడు దానంతటదే వస్తుంది" అన్నారు. ఆవిడ మంచికే అన్నారు. నేనూ విన్నాను.

ఇది చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. రెండు వారాలు నా కన్నబిడ్డతో నాకు సగం కూడా రాని భాషలో మాట్లాడాను. "తిను, రా, కూర్చో, వద్దు." నాకొచ్చింది అంతే. కథ చెప్పలేను, బుజ్జగించలేను, సరిగ్గా తిట్టనూ లేను. "అమ్మా, కాకి కథ చెప్పవా" అని అడిగితే జర్మన్‌లో అడగమన్నాను. పదిహేను రోజులయ్యేసరికి అది ఇంట్లో కూడా మాట్లాడడం మానేసింది.

భయమేసి పిల్లల డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. ఆవిడ చెవులు చూశారు, ఆడించి చూశారు, అన్నీ బాగున్నాయన్నారు. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్ళు నోరు మూసుకుని వింటారట, చాలామందిలో ఇది మామూలేనట, కొన్ని నెలలు చూద్దామన్నారు. ఇంట్లో మాత్రం మీకు నవ్వొచ్చే భాషలోనే మాట్లాడండి అన్నారు. బస్టాపులో నిలబడి పాపకి కాకి కథ చెప్పాను. బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒకటే నిర్ణయం: రోజూ ఒక గంట బయట, ఒక గంట చేతులతో పని, అంతా తెలుగులో. అక్కణ్ణుంచి పుట్టినవే ఈ ఆటలన్నీ.

ముందు బట్టల సంగతి. ఇక్కడివాళ్ళు చలి చెడ్డది కాదు, బట్టలే తప్పు అంటారు. ఒకటే లావుపాటి కోటు కాకుండా ఉల్లిపాయలా పొరలు పొరలుగా వెయ్యాలి: లోపల ఒంటికి అంటే బనియను, పైన ఉన్ని, ఆపైన గాలీ నీళ్ళూ చొరనిది. బురదలో కూర్చున్నా తడవని రబ్బరు ప్యాంటు ఒకటి తప్పకుండా కొనండి. గ్లౌజులు రెండూ ఒక పొడుగు తాడుకి కట్టి కోటు చేతుల్లోంచి తియ్యండి, పోవు. కారు సీట్లో కూర్చోబెట్టేటప్పుడు మాత్రం లావు జాకెట్ విప్పండి, దానివల్ల బెల్టు బిగవదు. ఇక జలుబు తెచ్చేది వైరస్‌లు. కిటికీలు మూసిన గదిలో అందరం ఒకచోట చేరినప్పుడే అవి బాగా అంటుకుంటాయి. అత్తయ్యగారికి ఇది చెప్పడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది. తడిసిన సాక్సులు మాత్రం వెంటనే మార్చాలి, అక్కడ ఆవిడ మాటే రైటు.

మొదటి ఆట కాయలు. శరదృతువులో చెట్లకింద రాలే చెస్ట్‌నట్ కాయలు ఇక్కడ పిల్లలు ఏరి దాస్తారు. పార్కుల్లో దొరికేవి ఎక్కువగా తినే రకం కాదు, ఆడుకోవడానికే. పుల్లలు గుచ్చి మనుషుల్ని, గుర్రాల్ని చేస్తారు. మేము వాటితో అచ్చంగా మన ఆటలు ఆడాం. పెద్దవీ చిన్నవీ వేరు చెయ్యడం, పదేసి కుప్పలు పెట్టడం, గుప్పిట్లో ఎన్నున్నాయో చెప్పడం. వామనగుంటల పలక లేదు కదా, అందుకని పది గుడ్ల అట్టపెట్టె ఒకటి, ఇంకో పెట్టెలోంచి నాలుగు గుంటలు కత్తిరించి అతికిస్తే పద్నాలుగు గుంటలయ్యాయి. గుంటకి నాలుగు బొబ్బర్లు. లెక్కలు నేర్పుతున్నామని చెప్పక్కర్లేదు, ఓడిపోయినప్పుడు అదే లెక్కపెట్టుకుంటుంది.

రెండోది మంచుబిళ్ళ. పళ్ళెంలో నీళ్ళు పోసి, ఆకులూ ఎర్రటి కాయలూ వేసి, దారం ఉంగరంలా చుట్టి కొసలు నీళ్ళలో ముంచి రాత్రి బాల్కనీలో పెట్టండి. పొద్దున అద్దంలాంటి బిళ్ళ వస్తుంది, కొమ్మకి వేలాడదియ్యొచ్చు. మా ఊరు మైదానంలో ఉంది, మంచు తక్కువే పడుతుంది. చలి చాలని రోజు ఫ్రీజరే గతి. ఎండ తగిలినచోట ముందు కరుగుతుందా, నీడలోదా? ఈ ఒక్క ప్రశ్నతో ఒక పొద్దున గడిచిపోతుంది. నిజం మంచు కావాలంటే హైడెల్‌బర్గ్‌లో కొండరైలెక్కి క్యోనిగ్‌ష్టూల్ పైకి వెళ్తాం. 568 మీటర్ల ఎత్తు, కింద వాన పడుతుంటే పైన తెల్లగా ఉన్న రోజులున్నాయి.

మూడోది పిట్టల మేత. 200 గ్రాముల గడ్డకట్టే కొబ్బరి నూనె సన్నసెగ మీద కరిగించి, మరగనివ్వకుండా, అంతే బరువు పొద్దుతిరుగుడు గింజలు కలిపి, మధ్యలో పుల్ల నిలబెట్టి కాగితం కప్పుల్లో పొయ్యండి. గట్టిపడ్డాక కాగితం చించి చెట్టుకి కట్టండి. ఉప్పు వేసినవి, రొట్టెముక్కలు వద్దు. ప్లాస్టిక్ వలలూ వద్దు, పిట్టల కాళ్ళు చిక్కుకుంటాయి. మా అమ్మమ్మ సంక్రాంతి రోజుల్లో వరికంకులు కుచ్చులా అల్లి చూరుకి వేలాడదీసేది, పిచ్చుకలు తింటాయని. పాపకి ఆ సంగతి చెబుతూ కట్టాం. జనవరి మొదట్లో ఇక్కడ నాబు అనే ప్రకృతి సంఘం వాళ్ళు ఒక గంటసేపు పిట్టల్ని లెక్కపెట్టి పంపమని అందర్నీ అడుగుతారు. కిటికీ దగ్గర కూర్చుని గీతలు గీస్తూ లెక్కపెట్టాం. పాప పసుపు పొట్ట పిట్టకి "పసుపమ్మ" అని పేరు పెట్టింది. నెలరోజుల తర్వాత ఇంట్లో దాని గొంతు గట్టిగా వినడం అప్పుడే.

జనవరి 6 ఇక్కడ సెలవు. పిల్లలు రాజుల వేషాలేసుకుని ఇంటింటికీ వచ్చి పాడి, బీద పిల్లల కోసం చందాలు అడిగి, గుమ్మం మీద సుద్దతో దీవెన రాస్తారు. ఎదురింటి గుమ్మం మీద ఆ తెల్లటి రాత చూసి పాప, "అమ్మా, వాళ్ళు ముగ్గు పైన వేశారేంటి?" అంది. నవ్వాపుకోలేకపోయాను. ఆ మాటే నాకో ఆలోచన ఇచ్చింది. టీచరమ్మని అడిగాను: మా పండగ వస్తోంది, ఒక పొద్దున పిల్లలతో ముగ్గు వేయించనా? ఆవిడ వెంటనే సరేనన్నారు.

భోగి రోజు పెరట్లో పొడి నేల చూసుకుని రంగు సుద్దలు పంచాను. పది పన్నెండుమంది పిల్లలు. నా వచ్చీరాని జర్మన్‌లో ఐదు చుక్కలు ఐదు వరసలు అని చెబుతున్నా. ఒక పిల్లాడు చుక్కల్లేకుండానే గీతలు లాగేస్తున్నాడు. మా పాప నా కొంగు వదిలి, వాడి దగ్గరికెళ్ళి, నడుం మీద చెయ్యేసుకుని, స్పష్టమైన జర్మన్‌లో అంది: "కాదు! ముందు చుక్కలు!"

అందరూ ఒక్కక్షణం ఆగారు. టీచరమ్మ నా వంక చూసింది, కానీ మెచ్చుకోలేదు, ఏమీ అనలేదు. అలా అనకపోవడం ఎంత మంచి పనో నాకు తర్వాత అర్థమైంది. వాడు బుద్ధిగా చుక్కలు పెట్టాడు. అది పక్కన కూర్చుని లెక్కపెట్టింది, మూడు వరకూ జర్మన్‌లో, ఆ తర్వాత తెలుగులో. వాడూ "నాలుగు, ఐదు" అన్నాడు.

సాయంత్రం భోగిపళ్ళు పోశాం. రేగిపళ్ళు దొరకవు కాబట్టి చిన్న ద్రాక్షపళ్ళు, నానబెట్టిన శనగలు, పూలరేకులు, సెంట్ల నాణేలు. భోగిమంట లేదని నాకు వెలితిగా ఉండేది. మార్చిలో తెలిసింది, ఇక్కడా ఉందని! ఈస్టర్‌కి మూడు వారాల ముందు ఆదివారం వైన్‌హైమ్‌లో పిల్లలు రంగుకాగితాలు చుట్టిన కర్రలకి ప్రెట్జెల్ గుచ్చుకుని ఊరేగి, చివర్లో చలికాలాన్ని పెద్ద మంచుమనిషి బొమ్మగా చేసి తగలబెడతారు. మన భోగి చలిలో, వీళ్ళది చలి పోయేటప్పుడు, అంతే తేడా.

చెల్లీ, ఆటలతోనే మాటలొస్తాయని నేను చెప్పను. దానికి మాట ఎప్పుడు రావాలో అప్పుడే వచ్చిందేమో. మీ పిల్ల విషయంలో అనుమానముంటే ఆగకుండా డాక్టర్‌కి చూపించండి. నేను చెప్పేది ఒక్కటే: ఎవరేమన్నా ఇంట్లో మన భాష ఆపకండి. నేను ఆపిన ఆ పదిహేను రోజులు ఇల్లు ఎంత చల్లగా ఉండిందో ఏ హీటరూ తీర్చలేదు.

ఇప్పుడు పాపకి పదేళ్ళు. నేను బి2 పాసై డ్యూటీకి వెళ్తున్నా. ఫోన్లో నా జర్మన్ తప్పులు దిద్దుతుంది, వాళ్ళ నాయనమ్మకి తెలుగులో నా మీద చాడీలు చెబుతుంది. ఈ ఏడు భోగికి మా వీధిలో ముగ్గు అదే వేస్తానంది. మీ ఊళ్ళలో మీరు చలికాలం ఏం ఆడిస్తారో రాసి పంపండి, వచ్చే సంచికలో అందరం చదువుకుందాం.